శోకం ఉన్న ఇంట్లో మూగజీవం



ఆప్తులను పోగొట్టుకున్నవారి శోకానికీ, ఘోరమైన సంఘటనను కళ్లారా చూసినవారి మనసులో దిగబడిపోయే ఆఘాతానికీ చికిత్స చేసేటప్పుడు జంతువుల సాహచర్యాన్ని తోడు తెచ్చుకోవడం గత అరవై ఏళ్లలో మనస్తత్వశాస్త్రంలో ఒక ప్రత్యేక పద్ధతిగా రూపుదిద్దుకుంది. దీన్ని జంతు సహాయక చికిత్స అంటున్నారు. కుక్కనో పిల్లినో ఒళ్లో పెట్టుకొని కాసేపు ఊరట పొందడం ఈ చికిత్స కిందికి రాదు. శిక్షణ పొందిన కౌన్సెలర్ దగ్గరుండి, ఏ మార్పు కోసం ఆ జంతువును చేరువ చేస్తున్నదీ ముందే నిర్ణయించుకొని, ఆ మార్పు వస్తున్నదీ లేనిదీ వారం వారం చూసుకుంటూ సాగించినప్పుడే దానికి చికిత్స అన్న పేరు చెల్లుతుంది. నగరాల్లో ఈ పని కోసం తర్ఫీదు ఇచ్చిన కుక్కలను ఆసుపత్రులకూ బడులకూ తీసుకువెళతారు. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) మెట్ట ప్రాంతాల్లో సంగతి వేరు. ఇక్కడ శోకం వచ్చిన ఇంటి ముందర చాలాచోట్ల బర్రె కట్టేసే ఉంటుంది, కొట్టంలో ఎడ్లు ఉంటాయి, దొడ్డిలో నాలుగు మేకలు అరుస్తూ ఉంటాయి. ఆ ఇంటికి ధైర్యం చెప్పడానికి వెళ్లే కౌన్సెలర్ వాటిని దాటుకొని లోపలికి వెళ్లి కూర్చుంటే, చేతికి అందివచ్చిన మంచి సాధనాన్ని వాకిట్లోనే వదిలేసినట్టు అవుతుందన్నది ఈ ప్రసంగంలోని ప్రతిపాదన.

ముందుగా శోకాన్నీ ఆఘాతాన్నీ వేరు చేసి చూడాలి. శోకం అంటే పోగొట్టుకున్నదాని కోసం మనసు సహజంగా పడే తపన. ఏడుపు, నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, పోయినవారి అడుగుల చప్పుడు విన్నట్టు అనిపించడం, ఇవన్నీ అందులో భాగమే, చాలామందిలో అవి కాలం గడిచేకొద్దీ నెమ్మదిస్తాయి. ఆరు నెలలు దాటినా ఆ తపన తగ్గక, మనిషి రోజువారీ పనికి లేవలేని స్థితి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక శోక రుగ్మతగా గుర్తించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022లో అమల్లోకి వచ్చిన 11వ కూర్పు చెబుతున్నది. ఆఘాతం స్వభావం వేరు. అందులో జరిగిపోయిన సంఘటన జరిగిపోయిందన్న సంగతి ఒంటికి తెలియదు. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, ఒక వాసన తగిలినా ఒక చోటికి వెళ్లినా ఆ దృశ్యం మళ్లీ కళ్లముందు ఆడటం, నరాలు ఎప్పుడూ బిగబట్టుకొని ఉండటం దాని లక్షణాలు. అప్పుల బాధతో రైతు ప్రాణం తీసుకున్న ఇంట్లో ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి, భార్య ఏడవడం లేదని బంధువులు విస్తుపోయినప్పుడు ఆమెకు దుఃఖం లేదనుకోకూడదు. దుఃఖం బయటికి రాకుండా ఆఘాతం అడ్డుపడి ఉండవచ్చునని గ్రహించాలి.

అలాంటి ఇండ్లు ఈ నేలలో ఎందుకు ఉన్నాయో కూడా చూడాలి. నందికొండ వద్ద కృష్ణానది మీద నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలు మాగాణి అయ్యాయి గానీ, జలాశయానికి చేరువలోనే ఉన్న దేవరకొండ గుట్టలూ, మునుగోడు చెలకలూ, పడమటి పాలమూరు ఎర్రనేలలూ చాలాకాలం వానకూ బోరుకూ మొక్కుతూ మిగిలాయి. ఎండిన బోరు పక్కన మరో బోరు, దానికోసం అప్పు, ఆ అప్పు మీద వడ్డీ పెరిగిన ఇండ్ల నుంచే బొంబాయికీ పుణెకూ కూలికి వలసలు సాగాయి, అలాంటి ఇండ్లలోనే రైతుల ఆత్మహత్యలూ జరిగాయి. పంటను నమ్ముకోలేని ఈ నేలలో పశువే ఆధారమయింది. గొర్రెలనూ మేకలనూ జీవాలు అని పిలుచుకునే కురుమలకూ గొల్లలకూ అవే ఆస్తి, అవే కులవృత్తి. బీరప్ప కొలుపులోనూ దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలోనూ మంద చల్లగా ఉండాలన్నదే మొక్కు. దేవరకొండ తండాల్లో లంబాడీలు పశువుల క్షేమం కోసం సీత్లా పండుగ చేస్తారు. నల్లమలలో అమ్రాబాద్ వైపు వారు పెంచే పొడ తూర్పు పశువులు దేశవాళీ జాతిగా జాతీయ స్థాయిలో నమోదయ్యాయి. శోకాన్నీ పశువునూ కలిపి ఆలోచించడానికి తగిన నేల ఇది.

మనోవ్యాధి ఉన్నవారి మధ్య జంతువులను ఉంచడం కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులో 1796లో విలియం ట్యూక్ ఆధ్వర్యంలో ప్రారంభమైన యార్క్ రిట్రీట్ ఆవరణలో కుందేళ్లూ కోళ్లూ తిరుగాడుతుండేవి, అక్కడి రోగులు వాటిని మచ్చిక చేసుకునేవారు. అయితే కౌన్సెలింగ్‌లో జంతువు చేసే పని ఏమిటో వివరంగా రాసిన తొలి వ్యక్తులలో ముఖ్యుడు, న్యూయార్క్‌లో పిల్లలకు మానసిక చికిత్స చేసిన బోరిస్ లెవిన్సన్. ఎవరితోనూ మాట కలపని ఒక పిల్లవాడు జింగిల్స్ అనే తన కుక్కతో చనువుగా మెలగడం, ఆ చనువు మెల్లగా తనదాకా రావడం ఆయన గమనించి, 1962లో ప్రచురించిన వ్యాసంలో కుక్కను సహ చికిత్సకుడిగా వర్ణించాడు. 1969లో ఈ విషయం మీద పుస్తకమే రాశాడు. ఆ పరిశీలన నుంచి తెలిసేది ఇది: ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే ఒకరు అడిగేవారు, మరొకరు జవాబు చెప్పుకోవలసినవారు అవుతారు; మధ్యలో మూడో ప్రాణి ఉన్నప్పుడు చూపు దాని మీద ఉంటుంది, చెయ్యి దాని మీద ఉంటుంది, మాట మాత్రం పక్కనున్న మనిషి చెవిన పడుతుంది. మూగజీవం తప్పొప్పులు ఎంచదు, ఎందుకిలా జరిగిందని నిలదీయదు, విన్నది ఊళ్లో చెప్పదు. ఆ పొద్దు ఇంట్లోనే ఉంటే బతికేవాడేమో, ఆ మాట అనకపోతే బాగుండేదేమో అని లోలోపల కుమిలిపోయేవారు నోరు విప్పడానికి ఇలాంటి శ్రోతే కావాలి.

ఇది తెలంగాణ పల్లెకు తెలియని సంగతి కాదు. మనిషి పోయిన మూడో రోజునో, ఐదో రోజునో, పదకొండో రోజునో, కులాచారాన్ని బట్టి, పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి ఆరుబయట విస్తరి వేసి కాకి కోసం ఎదురుచూస్తారు. దీన్ని పిట్టకు పెట్టుడు అంటారు. కాకి వచ్చి ముడితే పోయినవారు తృప్తిగా ఉన్నట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు భావిస్తారు. అప్పుడు జరిగేది కౌన్సెలింగ్ పాఠాలు చదివినవారు శ్రద్ధగా చూడదగినది. కొడుకులు, బిడ్డలు, అన్నదమ్ములు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, దండం పెట్టి, నీ చిన్నబిడ్డ పెండ్లి మేం చేస్తమనీ, నీ అప్పు మేం కడ్తమనీ, అన్నదమ్ములం కలిసే ఉంటమనీ అందరూ వినేటట్టు పలుకుతారు. ఇంట్లో నలుగురి మధ్య కూర్చోబెట్టి అడిగితే పెదవి దాటని మాటలు చెట్టు మీది పక్షిని ఉద్దేశించి బయటికి వస్తాయి. పోయినవారితో తెగిపోయిన సంభాషణ కొనసాగుతుంది, మిగిలినవారి మీద ఉన్న బాధ్యత పేరుపేరునా పంపకం అవుతుంది. వేణు యెల్దండి దర్శకత్వంలో 2023లో వచ్చిన బలగం సినిమా ఈ ఆచారం చుట్టూనే అల్లుకున్నది. ఊళ్లలో తెరలు కట్టుకొని జనం కూడి చూసి కంటతడి పెట్టారంటే, అందులో తమ ఇంటి శోకం వారికి కనిపించింది.

ఈ ఆచారంలోనే ఒక ముల్లు కూడా ఉంది. కాకి రాకపోతే ఆ నిందను ఎవరో ఒకరు మోయవలసి వస్తుంది, ఆత్మహత్య జరిగిన ఇంట్లో ఆ వేలు చాలాసార్లు భార్య వైపే తిరుగుతుంది. అలికిడికి బెదిరి పక్షి దిగలేదన్న సాధారణ కారణం ఆ క్షణంలో ఎవరికీ తోచదు. అందుచేత కౌన్సెలర్ ఆ ఆచారాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకుండా, దానికి ముందే కుటుంబంలోని పెద్దలతో మాట్లాడి, కాకి ముట్టినా ముట్టకున్నా ప్రతి ఒక్కరూ తాము చెప్పదలచిన మాట చెప్పేటట్టు, ఎవరి మీదా నింద పడనీయకుండా చూసేటట్టు ఒప్పించడం మంచిది.

పదకొండు రోజులు గడిచి బంధువులు వెళ్లిపోయిన తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. ఆ కాలానికి ప్రభుత్వాలు ఇచ్చిన జవాబు ప్రధానంగా రూపాయల్లో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 జూన్‌లో వచ్చిన 421వ నంబరు ఉత్తర్వు ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం నిర్ణయించింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో దాన్ని 6 లక్షలు చేశారు. 2018లో వచ్చిన రైతుబీమా ఏ కారణంతో మరణించినా 5 లక్షలు ఇచ్చింది గానీ, సొంత భూమి లేని కౌలురైతుకు వర్తించలేదు. 2006లో కేంద్రం నాలుగు రాష్ట్రాల్లోని 31 జిల్లాలకు ప్రకటించిన ప్రధానమంత్రి ప్యాకేజీలో ఉమ్మడి రాష్ట్రానివి 16 జిల్లాలు కాగా, నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ వాటిలో ఉన్నాయి, ఆ ప్యాకేజీలో భాగంగా పశుపోషణకూ చేపల పెంపకానికీ ప్రత్యేక పథకం నడిచింది. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ 75 శాతం రాయితీ మీద 20 గొర్రెలను, ఒక పొట్టేలును ఇచ్చింది. ఈ పథకాలన్నింటిలో పశువు ఒక ఆదాయ మార్గం మాత్రమే. శోకంలో ఉన్న ఇంటికి వచ్చిన పశువు లీటర్ల లెక్కకు అందని పని మరొకటి చేస్తుందన్న ఊహ వాటిలో ఎక్కడా కనిపించదు.

ఆ పని ఏమిటో నార్వేలో జరిగిన పరిశోధనలు కొంత చూపించాయి. బెంటె బెర్గెట్, ఆమె సహచరులు 2008లో ప్రకటించిన అధ్యయనంలో 90 మంది మానసిక రోగుల్లో 60 మంది వారానికి రెండుసార్లు, ఒక్కో విడత మూడు గంటల చొప్పున, 12 వారాలపాటు పశువులున్న వ్యవసాయ క్షేత్రాలకు వెళ్లి వాటి పనుల్లో పాల్గొన్నారు. ఆ పని ముగిసిన ఆరు నెలల తర్వాత కూడా, తాము ఏదైనా చేయగలమన్న నమ్మకం మిగతావారి కంటే వారిలో మెరుగ్గా ఉన్నట్టు తేలింది. తర్వాత 2011లో ఇంగెబోర్గ్ పెడర్సన్ బృందం కుంగుబాటుతో బాధపడే కొద్దిమందిని పాడిపశువుల కొట్టాల్లో పరిశీలించింది. పనిలో నేర్పు పెరిగినవారిలోనే కుంగుబాటూ ఆందోళనా ఎక్కువగా తగ్గడం వారు కనుగొన్న ముఖ్యమైన సంగతి. పశువును నిమరడం కంటే పశువు పని చేయడం మేలు చేసిందన్నమాట. వారంతా ఆప్తులను పోగొట్టుకున్నవారు కాదు, అక్కడి కొట్టాలకూ ఇక్కడి కొట్టాలకూ పోలిక తక్కువ. అయినా చెలకల మధ్య ఒంటరిగా మిగిలిన ఆడమనిషికి ఏది ఆసరా అవుతుందో అడిగేవారికి ఇవి దగ్గరి ఆధారాలు.

నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన ద్వంద్వ ప్రక్రియ సిద్ధాంతం దీనికి కారణం చెబుతుంది. శోకంలో ఉన్న మనిషి కాసేపు పోయినవారి తలపులో మునగాలి, కాసేపు బతుకు పనిలోకి తేలాలి. ఈ రెంటి మధ్య రాకపోకలు సాగుతుంటే శోకం కదులుతుంది, ఏదో ఒకవైపే ఉండిపోతే గడ్డకడుతుంది. బర్రె ఉన్న ఇంట్లో ఈ రాకపోకలకు వేళ నిర్ణయమై ఉంటుంది. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి దానికి కుడితి పెట్టాలి, పొదుగు కడగాలి, పాలు పిండాలి. మధ్యలో పేడ ఎత్తాలి, గడ్డి వేయాలి. లే, మొఖం కడుక్కో అని పదిసార్లు చెప్పినా లేవని మనిషి, బర్రె అరిచినప్పుడు లేస్తుంది. లేచినందుకు ఎవరూ మెచ్చుకోరు, లేవనందుకు ఎవరూ తిట్టరు. పని ముగిశాక మళ్లీ వెళ్లి ఏడ్చినా అడ్డు చెప్పేవారు లేరు.

పాలు పిండడంలో మరింత లోతైన సంగతి ఉంది. పొదుగులోకి పాలు దిగడాన్ని చేపు అంటారని ఈ ప్రాంతపు శ్రోతలకు చెప్పనక్కరలేదు. ఆ చేపుకు కారణం పశువు మెదడు నుంచి విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోను. పశువు బెదిరినా, కొత్త చెయ్యి తగిలినా అది ఆగిపోతుంది, ఈ విషయంలో బర్రె ఆవు కంటే సున్నితం. రోజూ పిండే మనిషి పోయిన తర్వాత ఆ బర్రె కొన్నాళ్లు సరిగా చేపకపోవచ్చు, దాన్ని చూసి ఇంటివారు అది కూడా బెంగ పెట్టుకుందంటారు. కౌన్సెలర్‌కు ఇక్కడ రెండు దారులు తెరుచుకుంటాయి. భర్త మాట ఎత్తలేని భార్య బర్రె బెంగ గురించి మాట్లాడగలదు, ఆ మాటల వెనకాలే తన బెంగ వస్తుంది. రెండోది ఒంటికి సంబంధించినది: బిగిసిన చేతులతో, ఎగశ్వాసతో కూర్చున్నప్పుడు బర్రె కదులుతుంది, చేపదు, భుజాలు వదులు చేసి, శ్వాస నెమ్మది చేసి, మెల్లగా పలకరిస్తే నిలబడుతుంది. తన ఒంట్లో ఉన్న ఆందోళన ఎంతో, అది ఎప్పుడు తగ్గిందో ఆమెకు పొదుగే చెబుతుంది. ఆఘాతానికి గురైనవారికి శ్వాసను అదుపు చేసుకోవడం నేర్పడానికి ఆసుపత్రుల్లో యంత్రాలు వాడతారు. ఆ అభ్యాసమే ఇక్కడ కొట్టంలో, ఆమెకు తెలిసిన పనిలో సాగుతుంది.

పిల్లల విషయంలో జీవాలు తగినవి. తండ్రిని పోగొట్టుకొని, తల్లి కూలికి వెళితే నాయనమ్మ దగ్గర మిగిలిన పిల్లవాడికి మేకపిల్లను పెంచే బాధ్యత అప్పగించి, రోజూ అది ఏం తిన్నదో, దేనికి భయపడిందో, భయపడినప్పుడు ఎలా ఊరడించాడో చెప్పించవచ్చు. అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ఆఘాతం నుంచి కోలుకునే దారిని మూడు మజిలీలుగా వివరించింది: మొదట భద్రత, తర్వాత జరిగినదాన్ని తలుచుకొని దుఃఖించడం, చివరికి మనుషులతో మళ్లీ కలవడం. మేకపిల్లకు భద్రత కల్పించే పిల్లవాడు భద్రత అంటే ఏమిటో తన చేతులతో తెలుసుకుంటాడు. జరిగిన సంఘటనను తవ్వి అడగడం రెండో మజిలీ పని, మొదటిది గట్టిపడకముందే దానికి తొందరపడకూడదు. అయితే ఒక జాగ్రత్త ఉంది: ఆ మేకపిల్లను పండుగకు కోస్తారా, అంగడికి తోలుతారా అన్నది ముందే తేల్చుకోవాలి, లేకుంటే రెండో దెబ్బ మొదటి గాయం మీదనే పడుతుంది.

శాస్త్రీయ ఆధారాల బలం ఎంతో నిజాయితీగా చెప్పుకోవాలి. ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం 1980లో 92 మంది గుండెజబ్బు రోగులను పరిశీలించినప్పుడు, పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు, లేని 39 మందిలో 11 మంది ఏడాదిలోగా మరణించినట్టు తేలింది. ఈ లెక్క లోకమంతా పాకింది గానీ, జంతువు వల్లనే ప్రాణం నిలిచిందని అది రుజువు చేయలేదు. ఆఘాతానికి జంతు సహాయక చికిత్స మీద జరిగిన అధ్యయనాలు తక్కువ, వాటిలో చాలావాటికి పోల్చి చూడటానికి తగిన రెండో బృందం లేదు. కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు చూపారు; బర్రె విషయంలో మనిషికి అదే జరుగుతుందని అనడం తొందరపాటు. ఆత్మహత్య ఆలోచనలున్న మనిషికి మందు, మనోవైద్యుడు, పక్కన మనిషి తోడు అవసరం. పశువు వాటికి బదులు కాలేదు.

పశువు వైపు నుంచి కూడా ఆలోచించాలి. తినడానికి లేక డొక్కలెండిన బర్రెను చికిత్సకు తోడు చేయడం దానికీ కీడు, దాన్ని చూసి మరింత కుమిలే మనిషికీ కీడు. టీకా వేయని కుక్కను పిల్లల చేతికి ఇవ్వకూడదు. రేబిస్ వచ్చాక మందు లేదు, కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి దవాఖానకు పరుగెత్తడమే దారి. కొందరికి పశువే ఆ మరణాన్ని గుర్తుచేసేదై ఉంటుంది, ఎడ్ల కోసం చేసిన అప్పే ప్రాణం తీసిందని నమ్మే ఇల్లూ ఉంటుంది. అక్కడ బలవంతంగా పశువు దగ్గరికి తోలడం తప్పు. పశువు చనిపోయినప్పుడు ఆ ఇంట కలిగేది కూడా శోకమే. అమెరికన్ పండితుడు కెన్నెత్ డోకా 1989లో సమాజం గుర్తింపు ఇవ్వని శోకాన్ని గురించి రాశాడు. చెలకలోనే గొయ్యి తీసి ఎద్దును పూడ్చి పసుపు కుంకుమ చల్లే రైతు శోకం అలాంటిదే. గొడ్డే కదా అన్నవారి మాట అతన్ని ఒంటరిని చేస్తుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం అమ్మకం. మరణం జరిగిన కొద్ది రోజులకే వడ్డీవ్యాపారి వాకిట్లోకి వస్తాడు, వెంటనే డబ్బు చేసుకోగలిగినవి పశువులే కాబట్టి అవి అంగడికి వెళ్లిపోతాయి. గడ్డి లేని కరువు ఏడాదిలో అయితే అమ్మక తప్పదు. మొదట మనిషి, వెంటనే పశువు, ఆ తర్వాత తెల్లవారి లేవడానికి కారణం, ఒకదాని వెంట ఒకటి పోతాయి. సాయానికి అర్హత తేల్చడానికి ఆ ఇంటికి వెళ్లే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులతో పాటు పశువైద్యుడు కూడా వెళ్లి, ఇంట్లో ఉన్న పశువులెన్ని, వాటిని ఎవరు చూసుకునేవారు, ఇప్పుడు ఎవరు చూసుకోగలరు, గడ్డి ఎన్నాళ్లకు సరిపోతుందో రాసుకోవాలి. పరిహారం చేతికి వచ్చేదాకా ఒక్క పాడిపశువుకైనా మేత అందించడం ప్రభుత్వానికి భారమేమీ కాదు. ఊళ్లో ఆశా కార్యకర్తకు ఇంటి మనుషులు తెలుసు, గోపాలమిత్రకు ఇంటి పశువులు తెలుసు. వీరిద్దరికీ కలిపి శిక్షణ ఇస్తే ఎవరు పాలు పిండటం మానేశారో, ఎవరు కొట్టం వైపు రావడం మానేశారో మొదట పసిగట్టేది వారే. పశువుకు జబ్బు చేస్తే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకునే ఏర్పాటు తెలంగాణలో 2017లో మొదలయింది. మనసు కుంగిన మనిషి కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరులో పగలూ రాత్రీ, తెలుగులో, ఖర్చు లేకుండా అందుబాటులో ఉంది. పశువు కోసం వచ్చిన వైద్యుడు దాని పక్కన నిలబడ్డ మనిషి ముఖం కూడా చూసి, అవసరమనిపిస్తే ఆ రెండో నంబరును ఆ వాకిట్లోనే కలిపి ఇచ్చే ఏర్పాటు ఈ రెండు సేవల మధ్య జరగవలసి ఉంది.